దెబ్బ ముందు ఎవరికి తగిలింది?

(ఒక చరిత్ర ఉపాధ్యాయుడి వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాసానికి అచ్చురూపం)



ఇటలీ నుంచి వలసపోయిన జనం మధ్య పుట్టి పెరిగిన నేరకుటుంబాల గురించి మాట్లాడతానని చెప్పినప్పుడు నిర్వాహకులు కాస్త తటపటాయించారు. చరిత్ర మాస్టారి పేరున జరిగే సభలో సినిమా కబుర్లేమిటని వాళ్ళ సందేహం. న్యాయమైన సందేహమే. ఈ విషయం మనలో చాలామందికి తెలిసింది సినిమా ద్వారానే. మెత్తటి గొంతుతో మాట్లాడే ముసలాయన, చీకటి గది, చేతికి ముద్దు పెట్టే మనుషులు.

కానీ మాస్టారు పాఠం చెప్పే పద్ధతి మీకు గుర్తుండే ఉంటుంది. యుద్ధం గురించి చెప్పినా, కరువు గురించి చెప్పినా గెలిచిన రాజు పేరు ఆఖరున చెప్పేవారు. మొదట అడిగేది ఒకటే: దీంట్లో దెబ్బ తిన్నది ఎవరు? వాళ్ళ ఊరేది, ఏం పని చేసుకునేవాళ్ళు? ఆ ప్రశ్నను మాఫియా కథకు వేసినవాళ్ళు తక్కువ. వేసి చూస్తే సినిమాలో లేని మనుషులు కొందరు కనబడతారు. ఈ సాయంత్రం వాళ్ళ గురించే చెప్పాలని వచ్చాను.

1880కీ 1920కీ మధ్య నలభై లక్షలకు పైగా ఇటాలియన్లు అమెరికాకు పోయారు. అందులో ఎక్కువమంది దక్షిణాది వాళ్ళు, అంటే సిసిలీ, కలాబ్రియా, నేపుల్స్ చుట్టుపక్కల పల్లెల రైతుకూలీలు. 1861లో ఇటలీ ఒకే రాజ్యమైంది. ఆ రాజ్యం దక్షిణాది పల్లెకి ఏ రూపంలో వచ్చిందంటే పన్ను వసూలుకి, కుర్రాళ్ళను సైన్యంలోకి పట్టుకుపోవడానికి వచ్చింది. పొలం తగాదా వస్తే తీర్చేవాడూ, దొంగతనమైతే పట్టేవాడూ మాత్రం రాలేదు. ఆ ఖాళీలో సిసిలీలో మాఫియా, కలాబ్రియాలో ఎన్‌డ్రాంగెటా వేళ్ళూనుకున్నాయి. నిమ్మతోటకి కాపలా కాస్తామంటారు. కాపలా వద్దంటే తెల్లారేసరికి చెట్లు నరికి ఉంటాయి.

ఓడ దిగిన కూలీకి భాష రాదు. అతన్ని అందుకునేవాడు పద్రోనే. వాడూ ఇటలీవాడే. రైలుమార్గం పనికి మనుషుల్ని పంపేది వాడే. కూలిలో వాటా తీసుకునేది, కొట్టుపెట్టి రెట్టింపు ధరకు సరుకు అమ్మేది, ఊరికి ఉత్తరం రాసిపెట్టేది, దాచుకున్న డబ్బు ఇంటికి పంపుతానని పుచ్చుకునేది అన్నీ వాడే. ఈ మనిషిని తెలుగువాళ్ళకు కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి రంగూన్ రేవుకీ, బియ్యం మిల్లులకీ కూలీలను తోలుకుపోయిన మేస్త్రీ వాడే. అడ్వాన్సు ఇచ్చి ఓడెక్కించి, అక్కడ కూలిలో కోత కోసుకున్నవాడు.

ఇక్కడొక చిక్కు ఉంది. కరువు మనకూ ఉంది, వలస మనకూ ఉంది, మేస్త్రీ మనకూ ఉన్నాడు. అయినా రంగూన్‌లో తెలుగు మాఫియా పుట్టలేదు. కనుక పేదరికంలోంచి నేరకుటుంబాలు వాటంతటవే మొలుస్తాయనే వాదం నాకు నప్పదు. జాతి రక్తంలోనే నేరముందనే వాదం అంతకన్నా నీచం. ఈ కుటుంబాల మూలాలు వెతుకుతూ పోతే ఇటలీ అంతటా తిరగనక్కర్లేదు. కోర్లియోనే, కాస్తెల్లమారే దెల్ గోల్ఫో, కత్తోలికా ఎరాక్లియా, సిదెర్నో, ప్లాతీ, సాన్ లూకా అనే కొన్ని ఊళ్ళ దగ్గరికే మళ్ళీ మళ్ళీ వస్తాం. వలసపోయిన లక్షలమందిలో గుప్పెడుమంది ఆ రహస్య సంఘాల కట్టుబాట్లను వెంట తీసుకుపోయారు. మిగతా లక్షలమంది వాళ్ళ చేతికి చిక్కారు.

చిక్కినవాళ్ళకు రెండువైపులా దెబ్బే. అమెరికా దక్షిణాన న్యూ ఆర్లీన్స్ రేవుకి పలెర్మో నుంచి నిమ్మపళ్ళ ఓడలు నేరుగా వచ్చేవి. వాటితో పాటు సిసిలీ కూలీలూ వచ్చారు. పళ్ళు దించే పని కోసం ప్రొవెన్‌జానో, మత్రాంగా అనే రెండు కుటుంబాలు కొట్టుకునేవి. 1890 అక్టోబరులో ఆ ఊరి పోలీసు అధిపతి డేవిడ్ హెనెసీని రాత్రిపూట ఎవరో కాల్చి చంపారు. వందల మంది ఇటాలియన్లను పోలీసులు లాక్కొచ్చారు. చివరికి తొమ్మిదిమందిని కోర్టులో నిలబెట్టారు. జ్యూరీ ఆరుగురు నిర్దోషులంది, ముగ్గురి విషయంలో ఏ నిర్ణయానికీ రాలేకపోయింది. మర్నాడు 1891 మార్చి 14న ఊళ్ళో పెద్దమనుషులే ముందుండి జనాన్ని పోగేసి జైలు మీద పడ్డారు. పదకొండుమందిని చంపారు. ఆ పదకొండుమందిలో ఐదుగురిని అప్పటికి ఏ కోర్టూ విచారించనే లేదు.

ఇటలీ తన రాయబారిని వెనక్కి పిలిచింది. అమెరికా పాతికవేల డాలర్ల పరిహారం ఇచ్చింది. జైలు మీదికి జనాన్ని నడిపించిన పెద్దమనుషుల్లో ఒక్కరికీ శిక్ష పడలేదు. న్యూ ఆర్లీన్స్ మేయర్ ఇటాలియన్ అమెరికన్లకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది 2019లో, అంటే 128 ఏళ్ళ తరవాత.

దీని ఫలితం ఏమిటో ఆలోచించండి. సిసిలీ కూరగాయల వ్యాపారిని సిసిలీ రౌడీ బెదిరిస్తే అతను ఎక్కడికి పోతాడు? పోలీస్ స్టేషనుకి పోతే వాళ్ళ కంటికి అతనూ ఆ రౌడీ ఒకటే. ఆ సంగతి రౌడీకీ బాగా తెలుసు.

న్యూయార్కులో ఇది నల్లచెయ్యి ఉత్తరాల రూపం తీసుకుంది. బేకరీ పెట్టుకున్నవాడికో, చిన్న బ్యాంకు నడిపేవాడికో, క్షురకుడికో ఒక ఉత్తరం వచ్చేది. ఊరి మాండలికంలో, చాలా మర్యాదగా రాసి ఉండేది. కింద నల్లటి చెయ్యి బొమ్మ, పక్కన బాకో, శవపేటికో. ఫలానా చోట ఇంత సొమ్ము పెట్టాలి. పెట్టకపోతే కొట్టు ముందు డైనమైట్ పేలేది, లేదంటే పిల్లవాడు మాయమయ్యేవాడు. ఇంతలో పెద్దమనిషిలాంటి ఒక స్నేహితుడు వచ్చి, నేను మాట్లాడి తగ్గిస్తానులే అనేవాడు. చాలాసార్లు ఆ మధ్యవర్తికీ అందులో వాటా ఉండేది. ప్రపంచమంతా ఎరిగిన గాయకుడు ఎన్రికో కరూజోకి కూడా అలాంటి బెదిరింపు వచ్చింది. ఆయన పోలీసులకు చెప్పాడు, పోలీసులు వల పన్ని పట్టుకున్నారు. కరూజోకి ఉన్న పలుకుబడి బేకరీవాడికి లేదు.

వీళ్ళ మీద మొదట తిరగబడ్డవాడి పేరు సినిమాల్లో పెద్దగా వినిపించదు. జోసెఫ్ పెట్రొసీనో. 1860లో నేపుల్స్‌కి దక్షిణంగా పదూలా అనే ఊళ్ళో పుట్టాడు. పిల్లవాడిగా ఉన్నప్పుడు కుటుంబం న్యూయార్కు చేరింది. బూట్లు పాలిష్ చేశాడు, వీధులు ఊడ్చే శాఖలో పని చేశాడు. 1883లో పోలీసు ఉద్యోగంలో చేరాడు. పొట్టివాడు, బలిష్ఠుడు. ఆ రోజుల్లో న్యూయార్కు పోలీసులంటే ఐరిష్ వాళ్ళే. ఇటాలియన్ వాడలో దూరి, వాళ్ళ భాషలో వాళ్ళతో మాట్లాడి నిజం రాబట్టగలిగినవాళ్ళు డిపార్టుమెంటులో వేళ్ళ మీద లెక్క. లక్షల ఇటాలియన్లున్న ఊరికి ఐదుగురితో ఒక ఇటాలియన్ దళం ఇచ్చారు పెట్రొసీనోకి. ఆ ఐదుగురినే ఇవ్వడానికి కూడా డిపార్టుమెంటు చాలా నసిగింది.

అతని వాదన సూటిగా ఉండేది. ఈ నేరస్థుల్లో చాలామంది ఇటలీలో శిక్షలు పడి, ఆ సంగతి దాచి వచ్చినవాళ్ళే. 1907 వలస చట్టం ప్రకారం అలాంటివాళ్ళను వచ్చిన మూడేళ్ళలోపు వెనక్కి పంపొచ్చు. దానికి ఇటలీ కోర్టుల రికార్డు కావాలి. ఆ కాగితాల కోసమే 1909 ఫిబ్రవరిలో రహస్యంగా ఓడెక్కాడు. ఇంట్లో భార్య, కొన్ని నెలల పాప. అతను ఇంకా పని మొదలుపెట్టకముందే అతని పై అధికారి, పోలీస్ కమిషనర్ బింగమ్, పెట్రొసీనో ఇటలీ వెళ్ళాడన్న సంగతి పత్రికలవాళ్ళకు చెప్పేశాడు. మార్చి 12 రాత్రి పలెర్మోలో పియాజ్జా మరీనా చౌకులో పెట్రొసీనోని కాల్చి చంపారు. అనుమానం దోన్ వీతో కాష్యో ఫెర్రో అనే మాఫియా పెద్ద మీద పడింది. ఆ రాత్రి అతను మా ఇంట్లో ఉన్నాడని ఒక పార్లమెంటు సభ్యుడు సాక్ష్యమిచ్చాడు. ఎవరికీ శిక్ష పడలేదు.

న్యూయార్కులో అంతిమయాత్రకు రెండు లక్షలకు పైగా జనం వచ్చారని ఆనాటి పత్రికలు రాశాయి. అందులో ఇటాలియన్లు ఎందరో లెక్క కట్టినవాళ్ళు లేరు. నన్నడిగితే ఈ మొత్తం చరిత్రలో చూడదగ్గ దృశ్యం అదే. బెదిరింపు ఉత్తరం వచ్చినా నోరు విప్పని వాళ్ళు, పోలీసు గడప తొక్కని వాళ్ళు, తమ భాష మాట్లాడిన ఒక పోలీసు శవం వెంట పట్టపగలు నడిచారు.

తరవాతి కథ మీకు కొంత తెలిసిందే కనుక త్వరగా దాటేస్తాను. 1920లో అమెరికా మద్యాన్ని నిషేధించింది. అప్పటిదాకా సొంతవాళ్ళ కొట్లలో చిల్లర గుంజుకున్నవాళ్ళకు దేశమంతా గిరాకీ అయింది. జడ్జీలూ తాగారు, పోలీసులూ తాగారు. 1930-31లో ముఠాల మధ్య యుద్ధం జరిగి జో మసేరియా, సల్వతోరే మరంజానో ఇద్దరూ ఐదు నెలల తేడాలో హతమయ్యారు. లక్కీ లూచియానో మిగిలాడు. న్యూయార్కులో ఐదు కుటుంబాలు, వాటి పైన తగాదాలు తీర్చే ఒక కమిషన్ స్థిరపడ్డాయి. 1933లో నిషేధం ఎత్తేశారు, కానీ కుటుంబాలు పోలేదు. రేవులు, కార్మిక సంఘాలు, జూదం, తరవాత హెరాయిన్ వాళ్ళ చేతిలోకి వచ్చాయి. దేశవ్యాప్త మాఫియా అనేదే లేదని ఎఫ్‌బీఐ అధిపతి హూవర్ ఏళ్ళ తరబడి తోసిపుచ్చాడు. 1957 నవంబరులో అపలాచిన్ అనే పల్లెలో ఒక ఇంటి ముందు ఖరీదైన కార్లు బారులు తీరి ఉంటే ఒక స్థానిక పోలీసుకి అనుమానం వచ్చింది. దేశం నలుమూలల నుంచి వచ్చిన పెద్దలు సూట్లతో అడవిలోకి పరుగు తీశారు. ఆ తరవాత హూవర్‌కి కూడా లేదనడం కష్టమైంది.

ఒక్క ముచ్చట మాత్రం చెప్పకుండా దాటలేను. 1970లో ఐదు కుటుంబాల్లో ఒకదాని అధిపతి జో కొలంబో ఇటాలియన్ అమెరికన్ పౌరహక్కుల సంఘం స్థాపించాడు. మమ్మల్నందర్నీ మాఫియా అంటున్నారు, ఇది జాతి అవమానం అన్నాడు. వేలమంది అతని వెంట నడిచారు. నిజంగా అవమానపడ్డ మామూలు జనం వాళ్ళు. వాళ్ళ బాధ అబద్ధం కాదు. అమెరికా న్యాయశాఖ తన కాగితాల్లో మాఫియా అనే మాట మానేసింది. గాడ్‌ఫాదర్ సినిమా తీసేవాళ్ళు స్క్రిప్టులోంచి ఆ మాట తీసేస్తామని ఒప్పుకున్నారు. 1971 జూన్‌లో తన సంఘం సభలోనే, కొలంబస్ సర్కిల్ దగ్గర, వేలమంది చూస్తుండగా కొలంబోని కాల్చారు. ఏడేళ్ళు మంచం మీద ఉండి పోయాడు. న్యూ ఆర్లీన్స్‌లో జనం మీద పడ్డ నింద ఇక్కడ ఒక ముఠానాయకుడికి గొడుగైంది. జాతి గౌరవం పేరు చెప్పి ముందుకొచ్చేవాడి జేబు ముందు తడిమి చూడాలని నాకు ఈ ఘట్టం చదివాకే అర్థమైంది.

కుటుంబం అన్నాను. న్యూయార్కు ఐదు కుటుంబాల్లో ఆ మాట సగమే నిజం. ఇటాలియన్ వంశం వాడై ఉండాలి, ప్రమాణం చెయ్యాలి, అంతే. రక్తసంబంధం తప్పనిసరి కాదు. కలాబ్రియా ఎన్‌డ్రాంగెటాలో మాత్రం కుటుంబమంటే నిజంగా కుటుంబమే. తండ్రి, కొడుకులు, అల్లుళ్ళు, దాయాదులు. రెండు ఇళ్ళ మధ్య వియ్యమందితే రెండు ముఠాలు కలిసినట్టు. మేనరికాల మీద, వియ్యాల మీద పొలాలూ పగలూ ఎలా నిలబడతాయో తెలిసిన మనకు ఇది అర్థం కావడం తేలిక. సిసిలీ మాఫియా నుంచి తొమ్మాసో బుషెత్తా లాంటివాళ్ళు బయటికొచ్చి న్యాయమూర్తి ఫల్కోనేకి అంతా చెప్పారు. పలెర్మోలో మహా విచారణ, న్యూయార్కులో పిజ్జా కొట్ల చాటున సాగిన హెరాయిన్ కేసు వాళ్ళ మాటల మీదే నిలిచాయి. కలాబ్రియా నుంచి అలా వచ్చినవాళ్ళు చాలా తక్కువ. సాక్ష్యం చెప్పాలంటే సొంత తండ్రి మీద, తమ్ముడి మీద చెప్పాలి. ఇరవయ్యో శతాబ్దం చివరికి ప్రపంచంలో అన్నిటికన్నా బలమైన ఇటాలియన్ నేరసంఘంగా ఎన్‌డ్రాంగెటా ఎందుకు మిగిలిందో చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలావరకు సరిపోతుంది.

2007 ఆగస్టు 15న జర్మనీలో డూయిస్‌బర్గ్ రైల్వేస్టేషన్‌కి దగ్గర్లో ఒక ఇటాలియన్ రెస్టారెంట్ ముందు ఆరుగురిని కాల్చి చంపారు. ఒకడి పద్దెనిమిదో పుట్టినరోజు వేడుక ముగించుకుని కార్లెక్కుతున్నారు అప్పుడు. సాన్ లూకా ఊళ్ళో 1991 కార్నివాల్ నాడు కుర్రాళ్ళు గుడ్లు విసురుకోవడంతో మొదలైన రెండు కుటుంబాల పగ అది. ఒక కొండపల్లె పగ పదహారేళ్ళు బతికి, జర్మనీ దాకా వచ్చింది. జర్మనీ ఉలిక్కిపడింది. ఎన్‌డ్రాంగెటా వాళ్ళు దశాబ్దాలుగా తమ మధ్యే పిజ్జాలు కాలుస్తున్నారని అప్పటిదాకా అక్కడ పట్టించుకున్నవాళ్ళు కొద్దిమందే.

కెనడాలో మాంట్రియల్ కథ కొంచెం వివరంగా చెప్పాలి. నేరకుటుంబం తనవాళ్ళను పిండుకోవడం దగ్గర మొదలై ఊరు ఊరంతటినీ పిండుకునే దాకా ఎలా ఎదుగుతుందో అక్కడ తేటగా కనబడుతుంది.

అక్కడ మొదట పెత్తనం కలాబ్రియా వాళ్ళది. విక్ కొత్రోనీ, అతని కింద పావొలో వియోలీ. సాన్ లెనార్ పేటలో వియోలీకి ఒక బారు. వాడలో తగాదా వస్తే తీర్పు అక్కడే. 1970 ప్రాంతంలో ఆ బారు పై అంతస్తులో ఎలక్ట్రీషియన్‌నని చెప్పి ఒకతను అద్దెకు దిగాడు. పేరు బాబ్ విల్సన్ అన్నాడు. అసలు పేరు రాబర్ట్ మెనార్, పోలీసు. ఏళ్ళ తరబడి ఆ గదిలో కాపురముండి కింద మాట్లాడుకున్నదంతా రికార్డు చేశాడు. ఇంటి యజమాని అతన్ని మంచి కిరాయిదారు అనుకున్నాడు. ఆ టేపుల్ని 1970ల నడుమ క్యూబెక్ విచారణ సంఘం బహిరంగంగా వినిపించింది. వియోలీ పరువు అతని లోకంలోనే పోయింది. 1978 జనవరిలో, ఒకప్పుడు తనదైన ఆ బారులోనే పేకాట ఆడుతుండగా అతన్ని చంపారు.

అతని స్థానంలోకి వచ్చినవాళ్ళు సిసిలీలో కత్తోలికా ఎరాక్లియా నుంచి 1954లో వచ్చిన నికొలో రిజుతో, అతని కొడుకు వీతో. నికొలో మామగారు ఆ ఊరి మాఫియా పెద్ద. నికొలో కూతురు మరియాని పావొలో రెందాకి ఇచ్చారు, అతను కుటుంబంలో సలహాదారుడయ్యాడు. వీతో రిజుతో సూటు వేసుకుని గోల్ఫ్ ఆడేవాడు, తగాదాలు మాటలతో తీర్చేవాడని పేరు. అతని తెలివి ఏమిటంటే ఇటాలియన్ కొట్టువాడి దగ్గర గుంజే చిల్లరకన్నా మున్సిపాలిటీ కాంట్రాక్టులో వచ్చే వాటా ఎన్నో రెట్లు పెద్దదని తెలుసుకోవడం.

2011లో న్యాయమూర్తి ఫ్రాన్స్ షార్బొనో అధ్యక్షతన వేసిన కమిషన్ ముందు ఇదంతా బయటపడింది. రిజుతో మనుషులు కూర్చునే కొసెంజా అనే క్లబ్బులో కెనడా పోలీసులు అంతకు కొన్నేళ్ళ క్రితమే రహస్య కెమెరాలు పెట్టారు. కాంట్రాక్టర్లు ఒక్కొక్కరే వస్తారు, బల్ల మీద నోట్లు లెక్కపెడతారు. ముసలి నికొలో ఆ కట్టలు తీసుకుని మేజోళ్ళలో దోపుకుంటాడు. కెనడా ప్రజలు ఆ దృశ్యం టీవీలో చూశారు. ఒక కాంట్రాక్టరు వాంగ్మూలం ప్రకారం మురుగుకాలువ పనులలో రెండున్నర శాతం మాఫియాకి, మూడు శాతం మేయరు పార్టీకి. పర్సంటేజీల లెక్క మనవాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు. 2012 నవంబరులో మాంట్రియల్ మేయర్ జెరాల్డ్ ట్రాంబ్లే రాజీనామా చేశాడు. ఆ సాక్ష్యాల్లో వినబడ్డ ఇంజనీర్లు, అధికారులు, పార్టీ వసూలుదారుల పేర్లలో చాలావాటికి ఇటలీ వాసనే లేదు. శుద్ధ ఫ్రెంచి పేర్లు, ఇంగ్లీషు పేర్లు. మాఫియా వలసవాడి జబ్బు అని ముక్కు మూసుకున్న ఊరు తనే దాన్ని పోషించింది.

రిజుతోల సంగతికొస్తే, 1981లో బ్రూక్లిన్‌లో జరిగిన ముగ్గురి హత్య కేసులో వీతోని అమెరికాకు అప్పగించారు. 2007లో నేరం ఒప్పుకున్నాడు. అతను జైల్లో ఉండగా 2009 డిసెంబరులో పెద్దకొడుకుని, 2010 నవంబరులో తండ్రిని చంపారు. ఎనభై ఆరేళ్ళ నికొలోని ఇంటి వెనక చెట్లలోంచి అద్దాల గుండా తుపాకితో కాల్చారు. అల్లుడు రెందా అంతకు ముందే మాయమయ్యాడు. వీతో బయటికొచ్చి, 2013లో జబ్బుచేసి పోయాడు.

ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ కథ దీనికి భిన్నం. న్యూ సౌత్ వేల్స్‌లో మరంబిజీ నది కాలువల కింద పండ్లతోటలు, ద్రాక్షతోటలు ఉన్న ఊరది. ఇటాలియన్లు కష్టపడి సాగుచేసిన నేల. మొదట ఉత్తరాది వాళ్ళు వచ్చారు, తరవాత కలాబ్రియా వాళ్ళు. అంతకుముందే 1930లలో క్వీన్స్‌లాండ్ చెరకుతోటల ఊళ్ళు ఇంగామ్, ఇన్నిస్‌ఫెయిల్‌లలో నల్లచెయ్యి పేరుతో సొంతవాళ్ళను దోచుకున్న ముఠా ఉండేది. 1963-64లో మెల్‌బోర్న్ కూరగాయల మార్కెట్ పెత్తనం కోసం హత్యలు జరిగాయి. అమెరికా నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించి నివేదిక రాయించుకున్నారు. ఆ తరవాత దాన్ని అటకెక్కించారనే చెప్పాలి.

1970లలో గ్రిఫిత్ తోటల మధ్య గంజాయి పెరగడం మొదలైంది. చిన్న రైతులు ఉన్నట్టుండి పెద్ద మేడలు కట్టారు. జనం వాటిని గడ్డి కోటలు అని నవ్వుకునేవారు. అడిగినవాడు ఒక్కడు, డొనాల్డ్ మెకాయ్. ఫర్నిచర్ కొట్టు నడుపుకునేవాడు, లిబరల్ పార్టీ తరఫున ఎన్నికల్లో నిలబడ్డవాడు. పక్కనున్న కొలియాంబలీలో పెద్ద గంజాయి పంట గురించి 1975లో ఆయనిచ్చిన సమాచారంతోనే అరెస్టులు జరిగాయి. ఆ సమాచారం ఎవరిచ్చారో కోర్టు విచారణ నడుస్తుండగా బయటపడింది. 1977 జూలై 15 సాయంత్రం గ్రిఫిత్ హోటల్ కారు పార్కింగ్‌లోంచి మెకాయ్ మాయమయ్యాడు. వ్యాన్ పక్కన నెత్తురు, తూటా తొడుగులు దొరికాయి. మనిషి ఈనాటికీ దొరకలేదు. న్యాయమూర్తి వుడ్‌వర్డ్ రాయల్ కమిషన్ 1979లో, గ్రిఫిత్‌లోని కలాబ్రియా ముఠాయే ఈ గంజాయి వ్యాపారాన్నీ, ఈ హత్యనూ నడిపిందని తేల్చింది. హత్యకు కుట్ర పన్నినందుకు 1986లో ఒక అద్దెహంతకుడికి శిక్ష పడింది. ముఠాలో ముఖ్యుడు రాబర్ట్ ట్రింబోలె దేశం విడిచి పారిపోయి 1987లో స్పెయిన్‌లో చచ్చిపోయాడు.

ఈ కథలో ఇంకొక మనిషి ఉన్నాడు. ఆల్ గ్రాస్బీ ఒకప్పుడు ఆ ప్రాంతపు ఎంపీ, 1972 నుంచి 1974 దాకా వలసల మంత్రి. ఆస్ట్రేలియా తెల్లవాళ్ళదే అనే పాత విధానానికి మంగళం పాడి, అన్ని సంస్కృతులకీ చోటున్న దేశమని మొదట ఎలుగెత్తినవాళ్ళలో ఒకడు. ఇవాళ ఆస్ట్రేలియాలో ఉన్న మన పిల్లలు కూడా కొంతవరకు ఆయనకు రుణపడి ఉన్నారు. ఆయనే మెకాయ్ హత్యను మెకాయ్ కుటుంబం మీదికే నెట్టే కాగితమొకదాన్ని రాష్ట్ర శాసనసభలో చదివించబోయాడని కేసు ఎదుర్కొన్నాడు. 1991లో పరువునష్టం నేరం కింద శిక్ష పడింది, 1992లో అప్పీలులో కొట్టేశారు. కోర్టు తీర్పును గౌరవిస్తాను. కానీ వలసజనం మీద ప్రేమ ఉన్నంత మాత్రాన, వాళ్ళలోని దుర్మార్గుల్ని చూడకుండా కళ్ళు మూసుకోవడం ఆ జనానికి మేలు చెయ్యదు. గ్రిఫిత్‌లో నిజాయితీగా ద్రాక్ష పండించుకున్న కుటుంబాలు ఈ మౌనం వల్ల ఊరంతా మాఫియా అనే మాట ఏళ్ళ తరబడి మొయ్యాల్సి వచ్చింది.

కనుక రెండు తప్పులు పక్కపక్కనే నడుస్తాయి. న్యూ ఆర్లీన్స్‌లో జాతి మొత్తాన్ని ఉరికంబం ఎక్కించబోయారు. ఆస్ట్రేలియాలో ఒక నివేదిక చేతిలో ఉండి కూడా అటకెక్కించారు. రెండిట్లోనూ నష్టపోయింది ఒకడే, భాష రాని వీధిలో కొట్టుపెట్టుకుని బతికే సామాన్య ఇటాలియన్. పని చేసిన ఉపాయాలన్నీ ఈ రెండిటికీ మధ్య దారిలో పోయినవే. పెట్రొసీనో వాళ్ళ భాష మాట్లాడాడు. మెనార్ పై అంతస్తులో కూర్చుని ఓపిగ్గా విన్నాడు. 1970లో అమెరికా రీకో చట్టం తెచ్చి ఒక్కొక్క నేరాన్ని విడిగా కాకుండా ముఠాని ముఠాగా విచారించింది. దాంతోనే 1987లో న్యూయార్కు కుటుంబాల పెద్దలకు నూరేసి ఏళ్ళ శిక్షలు పడ్డాయి. ఇటలీ 1982 సెప్టెంబరులో మాఫియా సభ్యత్వమే నేరమని చట్టం చేసింది. ఆ చట్టాన్ని ప్రతిపాదించిన పియో లా తోర్రేని ఆ ఏప్రిల్‌లోనే మాఫియా చంపింది. సిసిలీవాడే, రైతుకూలీ బిడ్డ. మాఫియాతో పోరాడి చచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఇటాలియన్లే అన్న సంగతి సినిమా చూసి రాదు.

ఇక మన దగ్గరికి. తెలుగువాళ్ళ మధ్య మాఫియా ఉందని నేననడం లేదు. అంత పెద్ద మాట తేలిగ్గా వాడకూడదని ఇంతసేపూ చెబుతూ వచ్చాను. కానీ కరీంనగర్, నిజామాబాద్, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కి పోయినవాణ్ణి మోసం చేసేది చాలాసార్లు పక్క ఊరి ఏజెంటే. అమెరికా అధికారులే డెట్రాయిట్ దగ్గర ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒక ఉత్తుత్తి విశ్వవిద్యాలయం పెట్టి వల పన్నిన సంగతి 2019లో బయటపడింది. అందులో చిక్కిన విద్యార్థుల్లో తెలుగు పిల్లలు పెద్దసంఖ్యలో ఉన్నారు. కమీషన్ పుచ్చుకుని వాళ్ళను చేర్పించారని కేసు పెట్టిన ఎనిమిదిమందీ మనవాళ్ళే. అప్పుడు మన సంఘాలు పిల్లలకు వకీళ్ళను ఏర్పాటు చేశాయి, మంచి పనే. కమీషన్ తిన్నవాళ్ళ గురించి మాత్రం వేదికల మీద ఎవరూ గొంతెత్తలేదు. తెలుగుజాతి పరువు అన్నారు.

ఈ సభలో ప్రవాస సంఘాలతో సంబంధం ఉన్నవాళ్ళు కొందరున్నారు. వాళ్ళకు నా మనవి. ఏటా తిరునాళ్ళలా చేసే మహాసభల ఖర్చులో కొంత తీసి, మోసపోయినవాడు తెలుగులో చెప్పుకునేందుకు ఒక ఫోను, వినడానికి జీతమిచ్చి పెట్టిన ఒక మనిషి, వెంట వచ్చి ఆ దేశపు పోలీసు స్టేషనులో మాట్లాడే ఒక వకీలు, ఈ మూడూ ఏర్పాటు చెయ్యండి. ఫిర్యాదు మీ సంఘానికి చందా ఇచ్చే పెద్దమనిషి మీదే వచ్చినా నమోదు చెయ్యండి.